పాలకొల్లు మాండొలిను, ఆంగ్లదేశపు అంటు

నూజివీడు మామిడితోటల రైతులకు అంటుకట్టు విద్య క్రొత్తది కాదు. టెంక పాతి మొలిపించిన నాటుమొక్కకు మేలుజాతి కొమ్మను చేర్చి కట్టుదురు. వేరు నాటుది, పండు మాత్రము బంగినపల్లి కావచ్చును, చిన్నరసము కావచ్చును. అతుకు కుదిరినచో చెట్టు తరములు కాచును. కుదరనిచో కొమ్మ యెండిపోవును. సంగీతమునందును ఇట్టి అంటు ఒకటి 1995లో ఆంగ్లదేశమున కట్టబడినది. అందలి ఒక పాలు మన తెలుగునాటిది. కావున దాని చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించెను. ఆరవయేట తండ్రి సత్యనారాయణగారి మాండొలినును చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. వారికి మాండొలిను వాయించుట తెలియదు. గురువు పాడెడివారు; శిష్యుడు విన్నదానిని తీగెలపై పలికించెడివాడు. ఈ లోపమే మేలైనది. వాద్యమున కలవాటైన పోకడలు గాక, గాత్రపు పోకడలు బాలుని వ్రేళ్ళకు పట్టువడినవి. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములో అతని తొలి కచేరి జరిగినది. అప్పటి కతనికి తొమ్మిదేండ్లు. నూజివీడు సీమవారికి గుడివాడ పొరుగూరే గదా!

అయినను విద్వాంసుల సందేహము సహేతుకమైనదే. నూజివీడు వీణలకు పేరువడిన ఊరు. వీణ విన్న చెవికి గమకమన నేమో వేరుగ చెప్పనక్కర లేదు. ఒక్క మెట్టుపైననే తీగెను లాగి పై స్వరములను జాలువార్చుట వీణకు సహజము. మీటిన నాదము కొంతసేపు నిలుచును. పాశ్చాత్యుల మాండొలినుకు నాలుగు జతలుగా ఎనిమిది తీగెలు. అవి బిగువైనవి, నాదము పుట్టినంతనే అణగిపోవును. అందు తోడిరాగపు గాంధారము నూగించుట ఎట్లు? శ్రీనివాస్ జతలను తొలగించి ఐదు ఒంటి తీగెలు గల విద్యుత్ మాండొలిను నెన్నుకొనెను. నాదము నిలిచినది, గమకము పలికినది. సభలు క్రమముగా అంగీకరించినవి.

ఇక ఆంగ్లదేశపు సంగతి. గాయకుడు పీటర్ గేబ్రియల్ 1989లో స్థాపించిన రియల్ వరల్డ్ రికార్డుల సంస్థ విల్ట్‌షైర్ మండలమున బాక్స్ అను గ్రామమందున్నది. బ్రిస్టల్ నగరము దానికి చేరువనే. మందగతి మృదంగపు దెబ్బ, బరువైన మంద్రము, పాత రికార్డుల ముక్కల అతుకులు గల ట్రిప్‌హాప్ అను బాణీ 1990 దశకమున బ్రిస్టల్‌లోనే వర్ధిల్లినది. ఈ సంస్థ కొరకు కెనడా దేశీయుడు మైకేల్ బ్రూక్, నుస్రత్ ఫతే అలీఖాన్‌గారితో 1990లో చేసిన ‘మస్త్ మస్త్’ గీతమును బ్రిస్టల్‌వారగు మాసివ్ అటాక్ బృందము తమ బాణీలో తిరుగ కూర్చినది. ఆ విధముగ ఖవ్వాలీకిని ఆ నగరపు దరువునకును నెయ్యము కుదిరినది.

అదే సంస్థ శ్రీనివాస్ కచేరీబాణీలో వాయించిన ‘రామ శ్రీరామ’ను 1994లో వెలువరించినది. అచ్చట అతని రెండవ రికార్డు బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’; 1995లో వచ్చినది. ఇందు అంశములు నాలుగే: డాన్స్, థింక్, రన్, డ్రీమ్. నైజెల్ కెనెడీ ఫిడేలు, బ్రెజిల్ దేశీయుడు నానా వాస్కొన్సెలోస్ లయవాద్యములు తోడైనవి. ఇది ట్రిప్‌హాప్ కాదు గాని, దాని యిరుగుపొరుగున పుట్టిన బిడ్డ యనవచ్చును.

ఇందొక విశేషము గమనింపదగినది. బ్రూక్ ‘ఇన్‌ఫినిట్ గిటార్’ అను వాద్యమును కల్పించినవాడు. అందలి స్వరము వాయించువాడు చాలుననువరకు అణగదు. పాలకొల్లు బాలుడు వెదకినదియు అదియే గదా: మీటగానే చచ్చెడి నాదమును బ్రతికించుట. భాష వేరు, విద్య వేరు. ఇరువురి తపన ఒక్కటే. ఈ అంటు అతికిన చోటు అదియేనని మా తలంపు.

అయినను శ్రోతల తీర్పునకు రెండు త్రోవలున్నవి. సభలకు పోవువారడుగుదురు: ఆలాపన, కృతి, నెరవు, స్వరకల్పన, తని యను క్రమ మేది? ఆ ప్రశ్న తేలికగ త్రోసివేయదగినది కాదు. కచేరిలో మృదంగము, వయొలిను అప్పటికప్పుడు బదులు పలుకును. ఆ సంవాదమే మనోధర్మమునకు ప్రాణము. యంత్రశాలలో పొరలుగ పేర్చిన సంగీతమున ఆ బదులు దొరకుట అరుదు. రెండవ త్రోవవారందురు: మన కృతి తెలియనివాడు మన గమకమును తొలిసారి వినునది ఇట్టి వాకిటనుండియే. అదియు నిజమే.

తీర్పును మేము రికార్డులో గాక అతని తరువాతి జీవితములో వెదకితిమి. శ్రీనివాస్ సభలను విడువలేదు. 1998లో పద్మశ్రీ పొందెను. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందమున వాయించుచునే, త్యాగరాజ కృతులను చివరివరకు పలికించెను. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలుబదియైదేండ్ల ప్రాయముననే కన్నుమూసెను. కొమ్మ లెన్ని కట్టినను వేరు సుబ్బరాజుగారి గాత్రముననే నిలిచినది.

శ్రోతలకు మా మనవి ఒక్కటి. మొదట ‘రామ శ్రీరామ’ను వినుడు, పిమ్మట ‘డ్రీమ్’ను వినుడు. వేరు నెరిగిన పిదప పండును రుచిచూచుట న్యాయము. తీపి యున్నదో, పులుపు మిగిలినదో నిర్ణయించువారు మీరే.