మరుగుదొడ్డి తలుపు దగ్గర ఆగిన నగర చట్టాలు: హ్యూస్టన్, షార్లెట్ అనుభవం

'ఆర్డినెన్స్' అనగానే మనకు గవర్నరు సంతకంతో వచ్చే తాత్కాలిక చట్టం గుర్తుకొస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ అది నగర కౌన్సిల్ ఓటు వేసి చేసుకునే స్థానిక శాసనం, మన మునిసిపల్ బైలాకు పెద్దన్న లాంటిది. స్వలింగ ఆకర్షణ గలవారికీ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ ఆ దేశంలో వివక్ష నుంచి తొలి రక్షణ ఇలాంటి శాసనాల్లోనే దొరికింది. మినియాపోలిస్ నగరం 1975లోనే ట్రాన్స్‌జెండర్లను తన చట్టంలో చేర్చుకుంది.

నగరాలు ఈ పని నెత్తిన వేసుకోవడానికి కారణం ఫెడరల్ చట్టంలోని ఒక ఖాళీ. 1964 పౌరహక్కుల చట్టం రెండో భాగం హోటళ్లలో, భోజనశాలల్లో, సినిమాహాళ్లలో వివక్షను నిషేధిస్తూ జాతి, వర్ణం, మతం, జాతీయ మూలం అనే నాలుగింటినే పేర్కొంది. స్త్రీ పురుష భేదం ఆ జాబితాలోనే లేదు. దుకాణాలు, హోటళ్లు, బావులు, స్నానఘట్టాల ప్రవేశంలో లింగ వివక్ష కూడదని మన రాజ్యాంగం 15(2) అధికరణలో ముందే రాసుకుంది కాబట్టి, ఆ ఖాళీ మనకు కాస్త వింతగానే తోస్తుంది.

ఈ ఖాళీని పూడ్చబోయిన రెండు నగరాలు మరుగుదొడ్డి దగ్గరే ఎదురుదెబ్బ తిన్నాయి. చట్టాన్ని సరిగా రాసుకోలేక దెబ్బతిన్నాయన్నది సాధారణంగా వినిపించే వివరణ. నాకది సరిగా తోచదు. రెండు నగరాల రాత పద్ధతులూ పరస్పరం విరుద్ధం, ఫలితం మాత్రం ఒకటే.

టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగర కౌన్సిల్ 2014 మే 28న 11–6 ఓట్లతో సమాన హక్కుల శాసనాన్ని ఆమోదించింది. అప్పటి మేయర్ అనీస్ పార్కర్ తాను లెస్బియన్‌నని బాహాటంగా చెప్పుకున్న నాయకురాలు. శాసనం కాపాడదలచింది పదిహేను లక్షణాలను. జాతి, మతం, వయసు, వైకల్యం, గర్భం, సైనిక సేవ మొదలైన వాటి సరసన లైంగికత, జెండర్ గుర్తింపు ఉన్నాయి. ఉల్లంఘిస్తే జరిమానా 5,000 డాలర్ల వరకు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని తన జెండర్‌కు తగిన మరుగుదొడ్డి వాడుకోనివ్వాలన్న పేరా ముసాయిదాలో ఉండేది. దానిపై గొడవ రేగడంతో ఆమోదానికి ముందే తీసేశారు. అయినా 'ఆడవాళ్ల బాత్రూంలలోకి మగవాళ్లు వద్దు' అన్నదే ప్రత్యర్థుల నినాదమైంది. రద్దు చేయండి, లేదా ప్రజల ఓటుకు పెట్టండి అని టెక్సాస్ సుప్రీంకోర్టు 2015 జులైలో ఆదేశించింది. ఆ నవంబరులో సుమారు 61 శాతం మంది శాసనాన్ని తిరస్కరించారు. లేని పేరా పేరు మీద పదిహేను రక్షణలూ పోయాయి. గర్భిణులవీ, మాజీ సైనికులవీ కూడా.

ఈ ప్రచార హోరులో మరుగున పడ్డ పాత సంగతి ఒకటుంది. అలజడి కలిగించే తీరులో ఎదుటి లింగం వారి మరుగుదొడ్డిలోకి చొరబడడం హ్యూస్టన్‌లో ఎప్పటినుంచో నేరమే. 1990లో అక్కడొక సంగీత కచేరీలో ఆడవాళ్ల వరుస చేంతాడంత ఉండటంతో ఒకావిడ మగవాళ్ల వైపు వెళ్లింది. ఆ నిబంధన కిందే ఆమెపై కేసు పెట్టారు. జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఎవరు లోపలికి వెళ్లారన్నది ఒక్కటే నేరం కాదు, ఎలా ప్రవర్తించారన్నది కూడా తేలాలి. 2014 శాసనం ఈ నిబంధన జోలికే పోలేదు.

నార్త్ కరోలినాలోని షార్లెట్ దారి ఇందుకు భిన్నం. ఆ నగర పాత నియమావళిలో లింగ వివక్షపై నిషేధం ఉండేది. దానికో మినహాయింపూ ఉండేది: మరుగుదొడ్లు, స్నానాల గదుల వంటి ఏకాంత స్థలాలకు నిషేధం వర్తించదని. 2016 ఫిబ్రవరి 22న కౌన్సిల్ 7–4 ఓట్లతో జెండర్ గుర్తింపును జాబితాలో చేర్చి, ఆ మినహాయింపును కొట్టేసింది. హ్యూస్టన్ దాటవేసిన చోట షార్లెట్ నిలబడింది. నెల తిరగగానే, మార్చి 23న, రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై ఒక్క రోజులో హెచ్‌బీ2 అనే బిల్లును ఆమోదించింది. ఆ రాత్రే గవర్నర్ పాట్ మెక్రోరీ సంతకం పెట్టారు.

ఆ చట్టాన్ని అందరూ 'బాత్రూం బిల్లు' అన్నారు. కానీ మరుగుదొడ్డి అందులో ఒక భాగం మాత్రమే. దాని ప్రకారం వివక్షపై నగరాలు సొంత నియమాలు చేయకూడదు. ప్రైవేటు యజమానులపై సొంత కనీస వేతనం విధించకూడదు. ఉద్యోగ వివక్షకు గురైనవారు రాష్ట్ర కోర్టులో దావా వేసే దారిని కూడా మూశారు (ఇది జులైలో తిరిగి తెరిచారు). కనీస వేతనానికీ ఏకాంతానికీ ఏమిటి సంబంధం? సంబంధం లేదు. రెండూ నగరం చేతిలోని అధికారాలు, అంతే.

ప్రభుత్వ భవనాల్లో, బడుల్లో ఎవరు ఏ మరుగుదొడ్డికి వెళ్లాలో జనన ధ్రువీకరణ పత్రమే తేలుస్తుందని కూడా హెచ్‌బీ2 చెప్పింది. ఆ రాష్ట్రంలోని కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊళ్లో ఇంటి దగ్గర పుట్టి, గ్రీన్‌కార్డు కోసం 'జనన నమోదు లేదు' అన్న పత్రం, పెద్దల అఫిడవిట్లు జతచేసిన మన పాత తరం వారిని ఆ నిర్వచనం ఏ తలుపు వైపు పంపుతుందో రాసినవారికి తట్టి ఉండదు.

హెచ్‌బీ2కు నిరసనగా పేపాల్ 400 ఉద్యోగాల కేంద్రాన్ని విరమించుకుంది. ఎన్‌బీఏ తన ఆల్‌స్టార్ ఆటను షార్లెట్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు మార్చుకుంది. ఎన్నికల్లో మెక్రోరీ స్వల్ప తేడాతో ఓడారు. బాత్రూం నినాదం వెనుక ఉన్న భయానికి ఆధారం ఎంత అన్న ప్రశ్నకు 2018లో ఒక జవాబు వచ్చింది. మసాచుసెట్స్‌లో ఇలాంటి స్థానిక చట్టాలున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ విలియమ్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పోల్చి చూశారు. చట్టాలకూ, మరుగుదొడ్లలో జరిగే నేరాలకూ సంబంధం కనబడలేదు. అదే ఏడాది ఆ రాష్ట్ర ఓటర్లు తమ రాష్ట్రస్థాయి రక్షణ చట్టాన్ని మూడింట రెండొంతుల ఓట్లతో నిలబెట్టుకున్నారు.

2017 మార్చి 30న హెచ్‌బీ2 రద్దయింది. దాని స్థానంలో వచ్చిన హెచ్‌బీ142లో రెండు నిషేధాలున్నాయి. స్థానిక వివక్ష నిరోధక చట్టాలపై నిషేధానికి 2020 డిసెంబరు 1 దాకా గడువు పెట్టారు. మరుగుదొడ్లపై నగరాలు నియమాలు చేయరాదన్న నిషేధానికి గడువే లేదు. మొదటిది తీరగానే ఊళ్లు ఒక్కొక్కటిగా శాసనాలు చేశాయి, 2021 ఆగస్టులో షార్లెట్ కూడా. ఆ శాసనాలు మరుగుదొడ్డి గడప బయటే ఆగాయి.

టెక్సాస్ ఇంకో అడుగు వేసింది. 2025లో చేసిన ఎస్‌బీ8 చట్టం ప్రకారం ప్రభుత్వ భవనాల మరుగుదొడ్లలో పుట్టినప్పుడు నమోదైన లింగాన్నే పాటించాలి. జరిమానా లోపలికి వెళ్లిన మనిషికి కాదు, వెళ్లనిచ్చిన సంస్థకు: తొలిసారి 25,000 డాలర్లు, ఆపైన 1,25,000. 2014లో వివక్ష చూపే వ్యాపారికి 5,000 డాలర్ల జరిమానా వేయబోయిన హ్యూస్టన్ నగరం, ఇప్పుడు తన కార్యాలయంలోని మరుగుదొడ్డిని కాపలా కాయకపోతే తానే జరిమానా కట్టాలి.