పాము కడుపులో గుడి: ఉత్తర తెలంగాణలో మహాసర్ప భావన

డ్రాగన్ మీద రాసేవాళ్లు చాలామంది ఒక గీత గీస్తారు: పడమటివాళ్లు దాన్ని చంపుతారు, తూర్పువాళ్లు కొలుస్తారు. సెయింట్ జార్జ్ ఈటె ఒకవైపు, వానలు కురిపించే చైనా డ్రాగన్ మరోవైపు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఈ గీత నిలవదు. నాగుల పంచమినాడు పుట్టలో పాలు పోసే ఇంట్లోనే కాళీయ మర్దనం కథనూ భక్తితో వింటారు.

ఇలాంటి సర్ప కథల్లోనూ తేడాలున్నాయి. వేదంలోని వృత్రుడు నీళ్లను అడ్డగించిన సర్పం. ఇంద్రుడు వాణ్ని చంపాకే నదులు పారాయి. కాళీయుణ్ని మాత్రం కృష్ణుడు ప్రాణాలతో వదిలి, మడుగు విడిచి సముద్రానికి పొమ్మన్నాడు. ఇక అఘాసురుడు కొండచిలువై నోరు తెరిచి పడుకుంటే, గోపబాలురు గుహ అనుకుని లోపలికి నడిచారు. కృష్ణుడు వాడి గొంతులో పెరిగి, ఊపిరాడకుండా చేసి చంపాడు.

ఈ అఘాసురుడి కథను మనసులో పెట్టుకుని రాజన్న సిరిసిల్ల జిల్లాలో వేములవాడ దగ్గరి నాంపల్లి గుట్ట ఎక్కాలి. నరసింహస్వామి వెలసిన ఆ గుట్ట మీద పెద్ద సర్పం ఆకారంలో ఒక కట్టడం ఉంది. దాని కడుపులో నడుస్తూ పోతే ప్రహ్లాదుడి కథ బొమ్మల్లో కనిపిస్తుంది. మధ్యయుగ యూరప్ చిత్రకారులు నరకద్వారాన్ని మృగం తెరిచిన నోరుగా గీశారు. పాపులు అందులో పడిపోతుంటారు. ఇక్కడ జనం పిల్లల చేయి పట్టుకుని దేవుణ్ని చూడటానికి లోపలికి వెళ్తారు. ఈ కట్టడం కొత్తదే. అయినా పరిశోధకులు దీన్ని పర్యాటకుల వింతగా కొట్టిపారేయకూడదని నా గట్టి అభిప్రాయం. పాము కడుపును గర్భగుడిగా ఊహించగలగడం వెనక చాలా పాత నమ్మకం ఉంది.

ఆ పాతదనానికి సాక్ష్యం పక్కనే, పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధ స్తూపంలో దొరికింది. వానలో తడవకుండా బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగరాజును అక్కడి శిల్పులు సున్నపురాతిలో చెక్కారు. ఇలాంటి నాగరాజులే బౌద్ధంతో పాటు చైనా చేరి, అక్కడి వాన డ్రాగన్లతో కలిసిపోయారు.

నీటితో నాగులకున్న ఆ బంధం గోదావరి ఒడ్డున ఇప్పటికీ ఉంది. జగిత్యాల జిల్లాకు నది అవతల, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు ఉంది. ఏటా మెస్రం వంశపు గోండులు కాలినడకన అక్కడికి వచ్చి, ఝరి అనే పాత్రలో గంగాజలం నింపుకుని కేస్లాపూర్ వెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో అక్కడి సర్పదేవుడు నాగోబాకు అభిషేకం చేస్తారు. అప్పుడే భేటింగ్ కూడా జరుగుతుంది: వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని నాగోబాను దర్శించుకుంటారు. సెయింట్ జార్జ్ కథలో రాకుమారిని డ్రాగన్‌కు ఆహారంగా పంపుతారు, వీరుడొచ్చి కాపాడతాడు. కేస్లాపూర్‌లో కోడలు తానే సర్పదేవుడి ముందుకొచ్చి మొక్కుతుంది. అక్కడి నుంచి ఆమె మెస్రం ఇంటి మనిషి.