తడిని వదలని పలుకులు

పసిపిల్లల డైపరును చించి దులిపితే దూదిలాంటి గుజ్జుతో పాటు ఉప్పు పలుకుల్లాంటి తెల్లటి పొడి రాలుతుంది. దాన్ని గ్లాసులో వేసి కాసిన్ని నీళ్లు పోస్తే చూస్తుండగానే ఉబ్బి గడ్డకడుతుంది. గ్లాసు బోర్లించినా చుక్క కారదు. ఇప్పుడు దాని మీద కాస్త ఉప్పు చల్లి కలపండి. పట్టిన నీళ్లలో చాలా భాగం వదిలేస్తుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కదా, ఈ సరుకు తయారీలో చిక్కంతా అక్కడే.

మొదట్లో అందరూ కారకుండా ఆపడం గురించే ఆలోచించారు. గుడ్డ మీద రబ్బరు లాగు తొడిగితే పక్క తడవదు, బిడ్డ ఒళ్లు మాత్రం ఉక్కకు ఎర్రగా పేలిపోతుంది. 1940ల చివర్లో అమెరికాలో మేరియన్ డోనవన్ అనే తల్లి స్నానాలగది ప్లాస్టిక్ తెరను కత్తిరించి, మిషను మీద కుట్టి, గుడ్డపైన వేసే కవరు చేసింది. తర్వాత పారాచూట్ నైలాన్ వాడింది, పిన్నీసుల బదులు ప్రెస్ బటన్లు పెట్టింది. 1949లో అది న్యూయార్క్ దుకాణానికెక్కింది, 1951లో పేటెంటు వచ్చింది. తడిని ఒంటికి దూరంగా లాగే కాగితపు డైపరు చేద్దామని ఆమె కంపెనీల చుట్టూ తిరిగితే అక్కర్లేదన్నారు.

అక్కరేమిటో పదేళ్లలోనే తెలిసింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో ఇంజనీరు విక్టర్ మిల్స్ బృందం ప్లాస్టిక్ లాగులో మడతల ప్యాడ్ పెట్టి 1958లో డాలస్‌లో ఇచ్చి చూసింది. టెక్సస్ ఎండల్లో ప్లాస్టిక్ తొడగడానికి తల్లులు ఒప్పుకోలేదు. మార్చిన డైపరు 1961లో ఇల్లినాయ్‌లోని పియోరియాలో 'పాంపర్స్' పేరుతో ఒక్కోటి 10 సెంట్లకు అమ్మకానికొచ్చింది. సరుకు నచ్చింది, ధర నచ్చలేదు. 6 సెంట్లకు దించాకే నిలదొక్కుకుంది.

లోపల ఉన్నది కలప గుజ్జే. అలాంటి సరుకును మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకు వాడితే, నర్సులు దాన్ని నెలసరికీ వాడుకున్నారు. 1920లో కోటెక్స్ ప్యాడ్ అలా పుట్టింది. గుజ్జు నీటిని పోగుల సందుల్లోనే నిలుపుతుంది. బిడ్డ చతికిలబడితే పిండినట్టు మళ్లీ బయటికొస్తుంది.

విచిత్రమేమిటంటే, దీనికి మందు కూడా పియోరియాలోనే దొరికింది. అక్కడి అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాల 1970లలో మొక్కజొన్న పిండికి రసాయనపు గొలుసులు అతికించి 'సూపర్ స్లర్పర్' తయారుచేసింది. విత్తనాలకు, నేలకు తడి పట్టించడానికి దాన్ని వాడారు. డైపరులోకి చివరికి చేరింది దానికి వరసకు దాయాది, సోడియం పాలీఅక్రిలేట్. శుద్ధజలమైతే బరువుకు కొన్ని వందల రెట్లు పట్టేది, ఉప్పునీరైతే ముప్పై, యాభై రెట్ల దగ్గరే ఆగుతుంది. అయినా గుజ్జులా పిండితే వదలదు, గెలిచింది అందుకే. 1980లలో మొదట జపాన్‌లో, తర్వాత 1986 నాటికి అమెరికాలో డైపర్లు పలచబడ్డాయి.

పలచబడగానే కొత్త తంటా. పైన ఉన్న పలుకులు ముందే ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోతే లోపలి పలుకులకు తడి అందదు, తొడల పక్క నుంచి కారుతుంది. అందుకని పలుకు పైపొరను గట్టిపరిచారు, తడిని వెంటనే అటూ ఇటూ పరిచే పొర ఒకటి మధ్యలో వేశారు, కాళ్ల దగ్గర నిలబడే అంచులు పెట్టారు. నాకు ముచ్చటేసేది ఆ అంచుల సంగతే. పైపొర, అంచులు రెండూ సాధారణంగా పాలీప్రొపిలీన్ బట్టే. దానికి నీళ్లంటే పడవు. నడుమ భాగానికి సబ్బు గుణమున్న పూత పూసి తడిని లోపలికి రానిస్తారు, అంచులకు పూయకుండా వదిలేస్తారు.

డాలస్‌లో వచ్చిన ఉక్క ఫిర్యాదు తీరడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ప్లాస్టిక్‌లో సున్నపురాయి పొడి కలిపి సాగదీస్తే, రేణువుల చుట్టూ కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. ఆవిరి బయటికి పోతుంది, నీరు పోదు.

ఇంత పట్టుగా తడిని పట్టే వస్తువు చెత్తబుట్టలోకి వెళ్లినా దాన్ని వదలదు. మురుగు కాలవలో పడితే ఇంకా ఉబ్బి అడ్డుపడుతుంది. మన దేశంలో 2016 ఘనవ్యర్థాల నిబంధనలు, వాడేసిన డైపర్లు, ప్యాడ్లు చుట్టి పారేయడానికి సంచో కాగితమో తయారీదారులే ఇవ్వాలని చెప్పాయి.