అప్పుల వాయిదా ఒప్పందాలు, పరపతి రికార్డు

అప్పు తీసుకున్న మనిషి మొదట ఒప్పుకున్న గడువుకు కట్టలేక, అప్పిచ్చిన సంస్థతో మళ్లీ మాట్లాడి కుదుర్చుకునే కొత్త చెల్లింపు ఏర్పాటే వాయిదా ఒప్పందం. బ్యాంకుల్లో దీనికి పేర్లు చాలా ఉన్నాయి. గడువు పెంచితే రీషెడ్యూల్, కొన్ని నెలలు కిస్తీలు ఆపితే మారటోరియం, వడ్డీ, గడువు, కిస్తీ కలిపి తిరగరాస్తే రీస్ట్రక్చరింగ్. బాకీలో కొంత వదులుకొని మిగతాది కట్టించుకొని ఖాతా మూసేస్తే వన్ టైమ్ సెటిల్‌మెంట్, జనం మాటలో ఓటీఎస్. కట్టేవాడికి వీటిలో ఏదైనా ఊపిరి తీసుకునే వ్యవధే. అప్పుల చెల్లింపు చరిత్రను నమోదు చేసే పరపతి రికార్డులో మాత్రం ఇవి నాలుగూ వేర్వేరుగా నమోదవుతాయి. ఒకటి మచ్చే మిగల్చదు, మరొకటి ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఏది ఎలా రాస్తారో సంతకం పెట్టే రోజుకు తెలిసినవారు తక్కువ. ఎక్కువ కష్టాలు అక్కడి నుంచే మొదలయ్యాయి.

నోటు తిరగరాసిన కాలం

ఈ రికార్డు ఉంచే పరపతి సంస్థలు రాకముందే తెలుగు పల్లెల్లో వాయిదా పద్ధతి బాగా వేళ్లూనుకుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. ఆ గడువు దాటకముందే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాసేవారు, లేదా ఎంతో కొంత కట్టించుకొని నోటు వెనుక చెల్లు రాయించేవారు. ఆ రాతతో మళ్లీ మూడేళ్లు గడువు వచ్చేది. ఎవరు ఎన్నిసార్లు తిరగరాశారో ఆ ఊళ్లో అప్పులిచ్చేవారికి కంఠతా ఉండేది. ఊరు మారితే మాత్రం ఆ జ్ఞాపకం వెంట వచ్చేది కాదు.

ప్రభుత్వం కల్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి. రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చిన 1938 నాటి మద్రాసు రైతు రుణ ఉపశమన చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాలకూ వర్తించింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని ఆ చట్టం రద్దు చేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్టే లెక్క. అంత పెద్ద తగ్గింపు పొందిన రైతు పేరు దేశమంతటికీ కనిపించే ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. అసలు అలాంటి పుస్తకమే అప్పుడు లేదు.

పుస్తకం పుట్టింది

1999లో రిజర్వు బ్యాంకు నియమించిన ఎన్.హెచ్. సిద్దిఖీ కార్యవర్గం అలాంటి పుస్తకాన్ని నిర్వహించే సంస్థ అవసరమని చెప్పింది. 2000లో ముంబైలో క్రెడిట్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఏర్పడింది. జనం నోట అది సిబిల్ అయింది. వ్యక్తుల వివరాల సేవలు 2004లో మొదలయ్యాయి. 2005లో పార్లమెంటు చేసిన పరపతి సమాచార సంస్థల చట్టం దీనికి చట్టబద్ధత ఇచ్చింది. 2010లో ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, హైమార్క్ కూడా రంగంలోకి దిగాయి. అప్పులిచ్చే సంస్థలన్నీ ఈ నాలుగింటిలోనూ సభ్యులుగా చేరాలని 2015 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పటివరకు ఒక సంస్థ దగ్గర కనిపించే బాకీ మరోచోట కనిపించకపోవడం మామూలే.

ఈ రికార్డు ప్రతి ఖాతాకూ నెలనెలా ఒక గుర్తు వేస్తుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ అంకె అక్కడ పడుతుంది. సున్నా అంటే సకాలంలో కట్టినట్టు. ఆలస్యం 30 రోజుల లోపైతే బ్యాంకు ఆ ఖాతాను మొదటి రకం హెచ్చరిక జాబితాలో పెడుతుంది, 60 రోజుల లోపైతే రెండోది, 90 రోజుల లోపైతే మూడోది. 90 దాటితే మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ. సిబిల్ నివేదికలో 36 నెలల గుర్తులు వరసగా కనిపిస్తాయి. 300 నుంచి 900 వరకు ఉండే స్కోరుకు ఇవే ప్రధానమైన ముడిసరుకు. అందరికీ స్కోరు గురించే బెంగ. అప్పు మంజూరు చేసే అధికారి మాత్రం స్కోరు చూశాక ఖాతా ఎదుట ఉన్న హోదా చదువుతాడు. అక్కడ రీస్ట్రక్చర్డ్ అనో సెటిల్డ్ అనో ఉంటే స్కోరు బాగున్నా ప్రశ్నలు మొదలవుతాయి.

వాయిదా ఒప్పందం ఎందుకు కుదిరిందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. వడ్డీ రేటు పెరిగి గృహరుణ గడువును అందరికీ ఒకే విధంగా పొడిగిస్తే అది రీస్ట్రక్చరింగ్ కిందికి రాదు, రికార్డుకు నష్టమూ లేదు. కట్టలేని కష్టంలో ఉన్నందుకు బ్యాంకు ఇచ్చిన సడలింపు మాత్రం రీస్ట్రక్చరింగే. ప్రత్యేక మినహాయింపు లేకపోతే ఆ ఖాతా అప్పుడే మొండి బాకీల వరసలోకి దిగుతుంది. కొత్త కిస్తీలు సాధారణంగా కనీసం ఏడాది సక్రమంగా కడితేనే పైకి వస్తుంది.

2010: ఆంధ్రప్రదేశ్ అనుభవం

పరపతి రికార్డుకూ వాయిదాలకూ మధ్య జరిగిన అతిపెద్ద ఘర్షణ మన గడ్డ మీదే జరిగింది. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో సూక్ష్మరుణాలకు కేంద్రం. డ్వాక్రా మహిళా సంఘాల అప్పు, దాని పక్కనే రెండు మూడు మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పు ఒకే ఇంట్లో ఉండేవి. వారం వారం కిస్తీ కట్టాలి. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావారు కట్టాలి. ఒక కంపెనీ కిస్తీ కోసం మరో కంపెనీ దగ్గర అప్పు తెచ్చారు. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక జరిగిన ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి.

2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ తర్వాత అదే చట్టమైంది. కంపెనీలు జిల్లా అధికారి దగ్గర నమోదు కావాలి, వడ్డీ అసలును మించకూడదు, వారం కిస్తీలు నెల కిస్తీలు కావాలి, వసూళ్లు ఇంటి గడప దగ్గర కాకుండా పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ చోట జరగాలి. నిజానికి ఇది ప్రభుత్వమే లక్షలాది అప్పులకు ఒక్కసారిగా రాసిచ్చిన కొత్త వాయిదా పద్ధతి. ఆడవాళ్లను ఇంటి ముందు నిలబెట్టి అవమానించడాన్ని ఆపినందుకు ఆ చట్టాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ కొత్త కిస్తీలు నడవనే లేదు. కంపెనీల సిబ్బంది ఊళ్లకు రావడం మానేశారు, కట్టాల్సిన అవసరం లేదన్న ప్రచారం పాకింది, దాదాపు పూర్తిగా జరిగే వసూళ్లు పదో వంతుకు పడిపోయాయి. సుమారు 7,000 కోట్ల రూపాయల అప్పు అలాగే నిలిచిపోయింది.

సరిగ్గా అదే సమయంలో సూక్ష్మరుణాల సమాచారం పరపతి సంస్థలకు చేరడం మొదలైంది. సూక్ష్మరుణాలపై రిజర్వు బ్యాంకు వేసిన వై.హెచ్. మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనలు ఒక మహిళకు రెండు మైక్రోఫైనాన్స్ కంపెనీలకు మించి అప్పు ఇవ్వకూడదని, అప్పులన్నీ కలిపి 50,000 రూపాయలు దాటకూడదని అప్పట్లో చెప్పాయి. రికార్డు చూడకుండా ఈ నియమం అమలుచేయడం అసాధ్యం, కాబట్టి కంపెనీలు పరపతి సంస్థలో చేరక తప్పలేదు. ఫలితంగా ప్రభుత్వ ఉత్తర్వు మధ్యలో చిక్కుకుని ఆగిన కిస్తీ, కావాలని ఎగ్గొట్టిన కిస్తీ ఒకే గుర్తుతో నమోదయ్యాయి. చట్టం వల్ల ఆగినదని తెలిపే గడి ఆ నివేదికలో లేదు. ఇది అన్యాయమనే చెప్పాలి. కట్టే తోవ మూసుకుపోయిన స్త్రీని ఎగవేతదారుగా చూపించిన రికార్డు తన పని తాను సరిగ్గా చేసినట్టు కాదు. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. అప్పటికి పన్నెండేళ్లు గడిచిపోయాయి.

మాఫీ విడతలు

2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ పంట రుణాల మాఫీ ప్రకటించాయి. తెలంగాణ లక్ష రూపాయల వరకు నాలుగు విడతల్లో, ఆంధ్రప్రదేశ్ లక్షన్నర వరకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 50,000 లోపు బాకీ ఒకేసారి, మిగతాది ఏటా విడతల్లో. ప్రభుత్వం విడతలుగా కడుతుంటే బ్యాంకు గడువు ఆగదు. ఎలాగూ మాఫీ అవుతుందని రెన్యువల్ చేయించుకోని రైతు ఖాతా గడువు దాటింది. సకాలంలో కట్టినవారికి పంట రుణంపై కేంద్రం ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోయింది, 4 శాతానికి దొరకాల్సిన అప్పు 7 శాతమో అంతకన్నా ఎక్కువో అయింది. మాఫీ వాగ్దానాన్ని నమ్ముకున్నవాడికన్నా, బ్యాంకుకు వెళ్లి రెన్యువల్ చేయించుకొని మాఫీ సొమ్ము తర్వాత జమ చేయించుకున్నవాడే రికార్డు కాపాడుకున్నాడు. 2024లో తెలంగాణ రెండు లక్షల వరకు మాఫీని జులై, ఆగస్టు నెలల్లో మూడు దఫాల్లో విడుదల చేసింది. సొమ్ము నెలల వ్యవధిలోనే చేరింది కనుక, కాలయాపన విషయంలో 2014 పద్ధతికన్నా ఇది నయం.

సూరత్, ఆల్థాన్: 2020

తెలుగువారు వలస వెళ్లిన గుజరాత్‌లోని సూరత్‌కు అప్పుల వ్యాపారం కొత్త కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ అక్కడి వర్తకుడు విర్జీ వోరా దగ్గర అప్పులు చేసి నడిచింది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు, ఇతర తెలుగువారు నగరంలో లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల చుట్టూ స్థిరపడ్డారు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. భటార్, వేసు ప్రాంతాలను ఆనుకొని ఉన్న ఆల్థాన్ తీరు వేరు. ఒకప్పటి పల్లె ఇప్పుడు అపార్టుమెంట్ల పేట, గృహరుణాల పేట.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు సూరత్ బట్టల మార్కెట్లు వారాల తరబడి మూతపడ్డాయి. చిన్న వ్యాపారుల చేతిలో డబ్బు ఆడలేదు. 2018 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు జీఎస్టీలో నమోదైన చిన్న పరిశ్రమలకు బాకీ కట్టడానికి 180 రోజుల వెసులుబాటు ఇచ్చింది. జీఎస్టీ నంబరు లేని మగ్గం యజమానికి అది అందలేదు.

2020 మార్చి 27న ప్రకటించిన మారటోరియం అంతకన్నా పెద్దది. మార్చి 1 నుంచి మే 31 వరకు, ఆ తర్వాత పొడిగింపుతో ఆగస్టు 31 వరకు కిస్తీలు వాయిదా వేసుకోవచ్చు, రికార్డులో దాన్ని ఎగవేతగా రాయకూడదు. ఆల్థాన్‌లో ఫ్లాటు కొన్న ఉద్యోగికీ, లింబాయత్‌లో బ్యాంకు అప్పుతో మగ్గం పెట్టుకున్న తెలుగువాడికీ ఇది సమానంగా వర్తించింది. మగ్గం మీద మీటరు లెక్కన కూలికి నేసేవాడికి వర్తించడానికి ఏమీ లేదు, ఎందుకంటే అతని అప్పు చాలావరకు చేబదులు, చిట్టీ, రోజువారీ ఫైనాన్స్. ఏ రిజిస్టరులోనూ లేని అప్పుకు ఏ వెసులుబాటూ రాదు.

రికార్డు శుభ్రంగా మిగిలినా ఖర్చు తప్పలేదు. 30 లక్షల గృహరుణం, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. ఈఎంఐ 25,093 రూపాయలు. మొదట్లోనే ఆరు నెలలు ఆపితే 1,20,000 రూపాయల వడ్డీ అసలుకు చేరుతుంది. అదే ఈఎంఐ కొనసాగిస్తే చివర్లో దాదాపు 26 కిస్తీలు అదనంగా కట్టాలి. వడ్డీ మీద వడ్డీ వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు చెప్పింది, కానీ వడ్డీ మొత్తాన్ని రద్దు చేయడానికి ఒప్పుకోలేదు.

మారటోరియం ముగిశాక వచ్చినదే అసలు చిక్కు. 2020 ఆగస్టు 6న, మళ్లీ 2021 మే 5న రిజర్వు బ్యాంకు రీస్ట్రక్చరింగ్ పథకాలు ప్రకటించింది. గరిష్ఠంగా రెండేళ్ల వ్యవధి, ఖాతా మొండి బాకీ కాకుండా రక్షణ. పత్రికల్లో ఇది మారటోరియం పొడిగింపులా వినిపించింది. అయితే ఈ పథకంలో చేరిన ఖాతాకు రీస్ట్రక్చర్డ్ అన్న హోదా పెట్టి పరపతి సంస్థలకు పంపాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. మార్చిలో తీసుకున్న విరామానికి మచ్చ లేదు, డిసెంబరులో తీసుకున్నదానికి ఉంది. ఒకే కుటుంబం, ఒకే కష్టం, ఒకే ఏడాది.

వలస వెళ్లినవారికి మరో ఇబ్బంది ఉంది. పరపతి సంస్థలు పేరు, పుట్టినతేదీ, పాన్, ఫోను, చిరునామా కలిపి మనిషిని గుర్తిస్తాయి. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, తరచూ ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. గుజరాత్ కాగితాల్లో తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర వస్తాయి. ఊళ్లో తీర్చిన అప్పు ఒక ఫైలులో, సూరత్‌లో చేసిన అప్పు మరో ఫైలులో ఉండిపోయే అవకాశం అక్కడ ఉంది.

సెటిల్డ్ అన్న మాట

ఓటీఎస్ ఒప్పందంలో బ్యాంకు రెండు లక్షల బాకీకి లక్షా ఇరవై వేలు తీసుకొని ఖాతా మూసిందనుకుందాం. కట్టినవాడు అప్పు తీరిందనుకుంటాడు. రికార్డులో ఆ ఖాతా క్లోజ్డ్ కాదు, సెటిల్డ్. మిగిలిన ఎనభై వేలు నష్టపోయినట్టు బ్యాంకు చెప్పుకున్నట్టే లెక్క. అంతకుముందే బ్యాంకు దాన్ని రైటాఫ్ చేసి ఉంటే మచ్చ ఇంకా చిక్కన. రైటాఫ్ అంటే బ్యాంకు పుస్తకంలో సర్దుబాటు మాత్రమే, బాకీ మాఫీ కాదు. పరపతి సంస్థలు ఈ వివరాలను కనీసం ఏడేళ్లు భద్రపరచాలి. 2023 జూన్ 8 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, వ్యవసాయ రుణాలు కాని వాటిలో ఇలా రాజీ పడినవారికి అదే సంస్థ కనీసం 12 నెలల పాటు కొత్త అప్పు ఇవ్వకూడదు. చేతికి డబ్బు అందినప్పుడు మిగిలిన బాకీ కూడా కట్టి నో డ్యూస్ పత్రం తీసుకొని, హోదాను క్లోజ్డ్‌గా మార్చమని అడిగే వీలుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇందుకు పోలిక దగ్గర్లోనే దొరుకుతుంది. అక్కడ 1938 నాటి చాండ్లర్ చట్టం నుంచి జీతగాళ్లకు కోర్టు పర్యవేక్షణలో వాయిదా పద్ధతి ఉంది. నేటి దివాలా చట్టంలోని చాప్టర్ 13 కింద మూడు నుంచి ఐదేళ్ల ప్రణాళిక నడుస్తుంది, దాని గుర్తు సాధారణంగా ఏడేళ్లు ఉంటుంది. ఆస్తులమ్మి అప్పులు కొట్టేయించుకునే చాప్టర్ 7కు పదేళ్లు. కట్టడానికి ప్రయత్నించినవారికి మచ్చ త్వరగా పోతుంది. ఈ తేడా న్యాయమైనది, మనకూ కావలసినది.

దిద్దుబాటు హక్కులు

2017 నుంచి ప్రతి పరపతి సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తప్పు చూపించాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరు 26న రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపుతున్నాయి, కాబట్టి కట్టిన కిస్తీ ఇప్పుడు త్వరగా కనిపిస్తుంది. వాయిదా ఒప్పందంపై సంతకం చేసేముందు, ఈ ఖాతాను పరపతి సంస్థకు ఏ హోదాతో పంపుతారని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. నోటిమాటగా చెప్పింది రికార్డులో ఉండదు.

2016 నాటి దివాలా స్మృతి మూడో భాగంలో అప్పు కట్టనే లేని సామాన్యుడికి రెండు దారులు రాసి ఉన్నాయి. ఏడాదికి 60,000 రూపాయలలోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు ఉన్నవారికి కొత్త జీవితం మొదలుపెట్టే విధానం ఒకటి, మిగతావారికి ట్రిబ్యునల్ ఆమోదించే చెల్లింపు ప్రణాళిక మరొకటి. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి, మొదటి దారి మినహా, ఆ భాగం 2019 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. కిస్తీ కట్టలేకపోయిన నేతగాడికి, రైతుకు, చిరుద్యోగికి అది ఇంకా అమల్లోకి రాలేదు.