మన్రోలప్ప అనే పేరు



బిడ్డ పుట్టగానే మన ఇళ్ళలో పేరు గురించి మాట మొదలవుతుంది. తాత పేరు పెట్టాలని ఒకరు, బైబిలులోని పేరు కావాలని ఒకరు, ఫలానా నాయకుని పేరు పెడతామని మరొకరు అంటారు. "అయ్యగారూ, ఆయన పేరే పెట్టి ప్రార్థన చేయండి" అని అడిగే కుటుంబాలు కర్నూలు, కడప జిల్లాల సంఘాలకు కొత్త కాదు. అభిమానంతో అడుగుతారు కాబట్టి కాదనడం కష్టమే. అయినా కొంచెం ఆగి ఆలోచించమని చెప్పడానికి కారణాలున్నాయి. వాటికోసం దూరం పోనక్కరలేదు, మన సీమ చరిత్రలోనే ఉన్నాయి.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో మగబిడ్డలకు "మన్రోలప్ప" అని పేరు పెట్టేవారు. వినడానికి ఊరి దేవుని పేరులా ఉంటుంది గాని, అది ఒక దొర పేరు. థామస్ మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అందుకే దీన్ని దత్తమండలం అన్నారు. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబుల చేతిలోనే ఉంది. కొత్తగా వచ్చిన ఈ జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా మన్రో 1800 నుండి 1807 వరకు పనిచేశాడు. తర్వాత 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశానికి వెళ్ళేముందు ఒకసారి ఈ జిల్లాలను చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. ఆ తర్వాత ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు.

జనం ఆయనను ఊరికే ప్రేమించలేదు. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు, రైతు మాట నేరుగా విన్నాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరునే పట్టా ఇచ్చే రైతువారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. దాదాపు 80 మంది పాళెగాళ్ళు ఎవరి కోటలో వారు రాజులుగా ఉన్న సీమ ఇది. వాళ్ళ దోపిడీ అణిగాక చాలా ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. అందుకే కడప ప్రాంతంలో ఆయన మీద పాటలు కట్టి పాడుతూ తిరిగిన భిక్షగాళ్ళు ఉండేవారు. వేంపల్లె దగ్గర గండిలో, పాపాగ్ని కొండల నడుమ, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపించే బంగారు తోరణం మన్రోకు కనిపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మంత్రాలయంలో మరో కథ ఉంది. ఒక ఋషే మన్రోగా పుట్టాడని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. మన్రోలప్ప అనే పేరు ఈ అభిమానంలో నుండి పుట్టింది.

ఇప్పుడు ఆ పత్తికొండ ప్రాంతంలోనే ఉన్న తెర్నేకల్లు అనే ఊరికి పోదాం. 1801లో అక్కడి జనం కంపెనీ శిస్తు కట్టబోమని ఎదురు తిరిగారు. ముత్తుకూరు గౌడప్ప వాళ్ళకు ముందు నిలిచాడు. కంపెనీ సైన్యం వచ్చి ఆ ఊరి కోటను పట్టుకుంది. గౌడప్పను ఉరితీశారు. అప్పుడు ఈ జిల్లాల ప్రధాన కలెక్టరు ఎవరు? మన్రోనే.

శిస్తు ఎంత బరువో మన్రోకే తెలుసు. ప్రభుత్వం తీసుకునే వాటా పంటలో నూటికి 45 వంతుల దాకా ఉందని, దాన్ని మూడో వంతుకు దించాలని, అందుకు శిస్తులో నూటికి 25 వంతులు తగ్గించాలని 1807లో తానే పైవారికి రాశాడు. వాన మీద ఆధారపడిన మెట్టపొలం రైతుకు 45 వంతులంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. పైవారు ఆ మాట అప్పుడు వినలేదు. ఆయన వెళ్ళాక ఊళ్ళను గుత్తలకిచ్చి జనాన్ని ఇంకా నలిపారు. తగ్గించమని అడగడం ఆయన మంచితనం. అంతవరకు ఆ శిస్తును వసూలు చేసింది కూడా ఆయన చేతులే. రెండూ నిజమే.

పాళెగాళ్ళ సంగతి కూడా అంతే. ఒక ఊరికి వాళ్ళు దోపిడీదారులు, ఇంకొక ఊరికి తమవాళ్ళు. పాళెగాళ్ళ వంశంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఈరోజు ఆ పేరు చెబితే మన గుండె ఉప్పొంగుతుంది. పాళెగాళ్ళను అణిచిన దొర పేరు పెట్టుకున్న నేలా, పాళెగాళ్ళ వంశపు వీరుని పేరు పెట్టుకునే నేలా ఒకటే.

ప్రియులారా, దీనిలో మొదటి కారణం కనబడుతుంది. నాయకుని పేరు ఎప్పుడూ మేలు పొందినవారి నోట పుడుతుంది. పట్టా పొందిన రైతు తన కొడుకుకు మన్రోలప్ప అని పేరు పెట్టాడు. తెర్నేకల్లులో భర్తను పోగొట్టుకున్న తల్లి ఆ పేరు పెట్టి ఉండేదా? నాయకుని వలన ఏడ్చినవారి మాట ఆ పేరులో వినబడదు. దేవుడు వినేది మాత్రం ఎక్కువగా ఆ మాటనే.

రెండవది, మనం పేరు పెట్టే నాటికి నాయకుని లెక్క ఇంకా తేలి ఉండదు. కమ్యూనిస్టు అభిమానంతో స్టాలిన్ అని పిల్లలకు పేరు పెట్టినవాళ్ళు తెలుగునాట కూడా ఉన్నారు. తమిళనాడులో కరుణానిధి గారి కొడుకు 1953 మార్చి 1న పుట్టాడు. మార్చి 5న రష్యాలో స్టాలిన్ చనిపోయాడు. తండ్రి బిడ్డకు ఆ పేరే పెట్టాడు. మూడేళ్ళు తిరగకుండానే, 1956 ఫిబ్రవరిలో, స్టాలిన్ చేయించిన చెరలనూ చంపులనూ ఆయన పార్టీ నాయకుడు క్రుశ్చేవే బయటపెట్టాడు. ఆ బిడ్డ పెద్దవాడై తన జీవితం తాను కట్టుకున్నాడు, అది వేరే సంగతి. కాని పెట్టిన పేరును ఎవరు వెనక్కి తీసుకోగలరు?

మూడవది మన ఊళ్ళకు మరీ దగ్గరిది. రెండు వర్గాలున్న ఊరిలో ఒక వర్గం నాయకుని పేరు పెట్టుకున్న బిడ్డ, మాటలు రాకముందే ఒక పక్షంలో చేరిపోతాడు. పేరు అడగగానే ఎదుటివాని ముఖం మారుతుంది. ఫ్యాక్షన్ వలన ఎన్ని ఇళ్ళు మగదిక్కు లేకుండా పోయాయో ఈ సీమకు తెలుసు. తండ్రుల కక్షను బిడ్డ పేరులో రాసిపెట్టడం ప్రేమ కాదు.

నాల్గవది భక్తికి సంబంధించినది. దొర ఋషి అయినట్టే, అభిమానం మెల్లగా పూజగా మారుతుంది. గిద్యోను సంగతి చూడండి. రాజుగా ఉండమని ఇశ్రాయేలీయులు అడిగితే, దేవుడే మీకు రాజు అని కాదన్నాడు. ఎంత చక్కని జవాబు! కాని ఒక కుమారునికి అబీమెలెకు అని పేరు పెట్టాడు. నా తండ్రి రాజు అని ఆ పేరుకు అర్థం. నోటితో వద్దన్న సింహాసనం బిడ్డ పేరులో మిగిలిపోయింది. ఆ కుమారుడే పెరిగి సింహాసనం కోసం డెబ్బదిమంది అన్నదమ్ముల మీద కత్తి ఎత్తాడు. న్యాయాధిపతుల గ్రంథం 8, 9 అధ్యాయాలు ఇంట్లో కూర్చుని చదవండి.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. "అయ్యగారూ, మన సంఘంలో దావీదులున్నారు, సొలొమోనులున్నారు, సమ్సోనులున్నారు. వాళ్ళేమైనా తప్పులేని నాయకులా?" కారు. దావీదు ఊరియాను చంపించాడు. సొలొమోను మోపిన కాడి బరువును తగ్గించమని జనం ఆయన కుమారుని ముందు మొరపెట్టుకున్నారు, అది కూడా శిస్తు, వెట్టి బరువే. అయితే తేడా ఒకటుంది. లేఖనం తన రాజుల తప్పులు దాచదు. నాతాను ప్రవక్త దావీదు ముఖం మీదనే ఆయన పాపం చెప్పిన సంగతి మన పిల్లలు సండేస్కూలులోనే వింటారు. పేరుతో పాటు పూర్తి కథ, పశ్చాత్తాపం కూడా వస్తాయి. నాయకుల పేర్లతో మనకు వచ్చేది ఫ్లెక్సీ మీది నవ్వు మాత్రమే. బిడ్డకు సొలొమోను అని పేరు పెట్టి, ఆయన జ్ఞానం చెప్పి, కాడి సంగతి దాచిపెడితే ఆ పేరును కూడా ఫ్లెక్సీగా మార్చినట్టే.

ఇప్పటికే నాయకుని పేరుతో పెరిగినవారు ఈ మాటకు నొచ్చుకోవద్దు. అపొస్తలుడైన పౌలు బెన్యామీను గోత్రికుడు, ఆయన మొదటి పేరు సౌలు. ఆ గోత్రంలో నుండి వచ్చి, అసూయతో దావీదును తరిమిన రాజు పేరు కూడా అదే. దమస్కు దారిలో ప్రభువు ఆ పేరు పెట్టే పిలిచాడు, అదే పేరు గల మనిషిని వాడుకున్నాడు. పేరు మనిషిని కట్టివేయలేదు. కాని మోయనక్కరలేని బరువును బిడ్డ నెత్తిన ఎందుకు పెట్టాలి?

కాబట్టి పేరు పెట్టేముందు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈయన వలన ఏడ్చినవారు ఎవరు? ఈ పేరు విని మన ఊళ్ళో ఎవరైనా తలుపు మూసుకుంటారా? రేపు బిడ్డ అడిగితే ఈయన కథ మొత్తం దాచకుండా చెప్పగలమా? జవాబు చెప్పడానికి తడబడితే వేరే పేరు చూద్దాం. నాయకుడు చేసిన మేలుకు కృతజ్ఞత చూపడానికి వేరే దారులున్నాయి. మన్రో జ్ఞాపకంగా పత్తికొండలో ఒక బావి తవ్వించి, చెట్లతోపు వేయించారు. ఎండలో నడిచి వచ్చినవారికి నీళ్ళూ నీడా దొరికితే అది ఎవరినీ నొప్పించని జ్ఞాపకం.

ఎలీసబెతు తన కుమారునికి యోహాను అని పేరు పెడతానన్నప్పుడు, మీ బంధువుల్లో ఆ పేరు గలవారు లేరే అని చుట్టాలు అడ్డుపడ్డారు. జెకర్యా పలక అడిగి అదే పేరు రాశాడు. ఏ పెద్దమనిషి నీడా లేని పేరు అది, ఆ బిడ్డ కోసం దేవుడు ఇచ్చిన పేరు. మన బిడ్డలకు కూడా ప్రభువు అలాంటి పేర్లను దయచేయును గాక. ఆమేన్.