జిఖ్రోన్ యాకోవ్: కోషర్ వైన్ ఊరి కథలో సాక్ష్యానికి నిలిచేదెంత?

ఇజ్రాయెల్‌లో హైఫాకు దక్షిణంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, కార్మెల్ కొండల దక్షిణపు అంచున జిఖ్రోన్ యాకోవ్ అనే చిన్న పట్టణం ఉంది. పడమట మధ్యధరా సముద్రం, చుట్టుపక్కల లోయల్లో ద్రాక్షతోటలు, ఊరి నడుమ రాతి గోడలతో, ఎర్ర పెంకుల కప్పులతో పాత ఇళ్ల బారు. ఆ బారులోని ప్రధాన వీధికి ‘హమెయస్దీమ్’ అని పేరు. ఊరు స్థాపించినవారి వీధి అని అర్థం. దుకాణాలు, మ్యూజియాలు, వైన్ రుచి చూపే చోట్లు నడిచి చుట్టిరాగలిగినంత దగ్గరలో ఉండడంతో సెలవు రోజుల్లో ఇక్కడ జనం కిటకిటలాడతారు.

ఈ ఊరి గురించి మూడు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఇక్కడి వైన్ బైబిల్ కాలం నుంచి తెగకుండా వస్తున్న సంప్రదాయమని మొదటిది. ఒక ఫ్రెంచ్ ధనవంతుడి దయతో 1882 నుంచి పరిశ్రమ సాఫీగా నిలదొక్కుకుందని రెండోది. యూదుల ఆహార నియమాలకు తగినదని చెప్పే కోషర్ ముద్రే వైన్ రుచిని నిర్ణయిస్తుందని మూడోది. తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్లు, వలస కాలపు చరిత్ర, యూదుల ఆహార నియమాలు అనే మూడు రకాల సాక్ష్యాలతో ఈ మాటలను పరీక్షించడం, ఆపైన సందర్శకుడు అక్కడ ఏమి గమనించవచ్చో చూడడం ఈ వ్యాసం పని.

తీగ కొనసాగింది, పరిశ్రమ తెగింది

ఈ ప్రాంతంలో వైన్ అతి ప్రాచీనమైనదన్న మాటలో సందేహం లేదు. పశ్చిమ గలిలయలోని తెల్ కబ్రీలో సుమారు క్రీ.పూ. 1700 నాటి రాజభవనం ఉంది. 2013లో అక్కడ ఒక గదిలో దాదాపు 40 పెద్ద జాడీలు బయటపడ్డాయి. వాటి గోడల్లో ఇంకిన అవశేషాలను రసాయన పరీక్షకు పంపితే ద్రాక్ష వైన్ ఆనవాళ్లు కనిపించాయి. 2021లో టెల్ అవీవ్‌కు దక్షిణంగా యావ్నేలో 1,500 ఏళ్ల నాటి భారీ వైన్ కేంద్రాన్ని తవ్వి తీశారు. అక్కడ ఏడాదికి సుమారు 20 లక్షల లీటర్లు తయారయ్యేవని పురావస్తు శాఖ అంచనా. గాజా పేరుతో ప్రసిద్ధికెక్కిన పొడుగాటి జాడీలు మధ్యధరా తీరమంతటా దొరుకుతున్నాయి. బైజాంటైన్ కాలంలో వైన్ ఎగుమతి సరుకు అనడానికి ఇది గట్టి ఆధారం.

తెగకుండా వచ్చిందన్న మాట మాత్రం నిలవదు. ఏడో శతాబ్దంలో ముస్లిం పాలన రావడంతో వైన్ ఆగిపోయిందన్నది పాతబడిన వివరణ. 2020లో వెలువడిన ఒక అధ్యయనం నెగెవ్ ఎడారిలోని పురాతన చెత్తకుప్పల్లో ద్రాక్షగింజలను, ధాన్యపు గింజలను లెక్కపెట్టి పోల్చింది. ద్రాక్ష వాటా ఆరో శతాబ్దం మధ్య నుంచే పడిపోయిందని, అంటే పాలన మారడానికి దాదాపు వందేళ్ల ముందే క్షీణత మొదలైందని ఆ లెక్క సూచిస్తోంది. ప్లేగు వ్యాధి, వాతావరణ మార్పు, దూరపు మార్కెట్లు దెబ్బతినడం కారణాలు కావచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. క్షీణత మొదలైన కాలం గింజల లెక్కలో కనిపిస్తుంది. కారణాలు మాత్రం ఇంకా ఊహ స్థాయిలోనే ఉన్నాయి.

ఆ తర్వాత కూడా ద్రాక్షతీగ ఆ నేల మీద లేకుండా పోలేదు. అరబ్బు రైతులు తినడానికి, ఎండుద్రాక్షకు, దిబ్స్ అనే పాకానికి ద్రాక్ష పండిస్తూనే వచ్చారు. యూదులు, క్రైస్తవులు ఆరాధనకు కావలసినంత వైన్ ఇళ్లలోనో మఠాల్లోనో చేసుకునేవారు. వైన్‌తో బతికే ఊరు, ఎగుమతి చేసే కొట్టు అన్నవి మాత్రం 19వ శతాబ్దంలో మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నవే. ఆ పనిలోనూ జిఖ్రోన్ మొదటిది కాదు. 1870లో స్థాపించిన మిఖ్వే ఇజ్రాయెల్ వ్యవసాయ పాఠశాలలో అప్పటికే ద్రాక్షతోటలు వేశారు.

బారన్ సొమ్ము కొన్నదేమిటి?

1882 చివర్లో రుమేనియా నుంచి వచ్చిన యూదు కుటుంబాలు జమ్మారీన్ అనే చోట కొన్న భూమి మీద స్థిరపడ్డాయి. రాళ్ల నేల, వ్యవసాయం తెలియని చేతులు, చేతిలో లేని డబ్బు. మొదటి శీతాకాలానికే వారి పరిస్థితి దిగజారింది. 1883లో పారిస్‌కు చెందిన బారన్ ఎడ్మండ్ ద రోత్స్‌చైల్డ్ ఊరి బాధ్యత తీసుకున్నాడు. తండ్రి జేమ్స్ జ్ఞాపకంగా ఊరికి జిఖ్రోన్ యాకోవ్ అని పేరు పెట్టారు. జేమ్స్‌కు హీబ్రూలో యాకోవ్ అని పేరు. 1868లో బోర్డో ప్రాంతపు ప్రఖ్యాత లఫీత్ ఎస్టేట్‌ను కొన్నది ఆ జేమ్సే. ఎడ్మండ్ ద్రాక్షనే ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్నకు ఆ కుటుంబ నేపథ్యం జవాబులో ఒక భాగం.

ఫ్రాన్స్ నుంచి తీగలు, నిపుణులు వచ్చారు. 1886 నాటికి ఓహెల్ యాకోవ్ ప్రార్థనాలయం, 1891లో నీటి తొట్టి కట్టడం, 1892లో పెద్ద వైన్ గిడ్డంగి లేచాయి. దక్షిణాన రిషోన్ లెజియోన్‌లో అంతకు కొద్ది ముందే మరో గిడ్డంగి వెలిసింది. ఈ జంటే తర్వాత కార్మెల్ వైనరీగా పేరుపొందింది. సీసాల కోసం తీరాన తంతూరాలో గాజు ఫ్యాక్టరీ పెట్టి దాన్ని నడిపే పని మెయిర్ డిజెన్‌గోఫ్‌కు అప్పగించారు. తర్వాత టెల్ అవీవ్‌కు తొలి మేయర్ అయింది ఆయనే. ఫ్యాక్టరీ కొన్నేళ్లకే మూతపడింది. ఆ భవనం ఇప్పుడు నహ్‌షోలీమ్‌లో పురావస్తు మ్యూజియం.

మూతపడినది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు. 1890ల్లో ఫిలోక్సెరా అనే వేరు పురుగు తోటలను పట్టింది. తీగలు పీకేసి, ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్ల మీద అంటుకట్టి మళ్లీ నాటాల్సి వచ్చింది. అంతకంటే లోతైన సమస్య ధరలో ఉంది. రైతుల ద్రాక్షను బారన్ యంత్రాంగం మార్కెట్ ధర కంటే ఎక్కువ పెట్టి కొనేది. కొనేవాడు ఖాయం గనుక తోటలు పెరిగాయి, తయారైన వైన్ అమ్ముడుపోక పేరుకుపోయింది. బారన్ అధికారుల అదుపాజ్ఞలు భరించలేక రైతులు వారితో తగాదా పడిన సందర్భాలూ ఉన్నాయి. 1900లో ఊళ్ల నిర్వహణ యూదు వలస సంఘం చేతికి వెళ్లింది. కొన్ని తోటలు తీయించారు. 1906లో గిడ్డంగులు రైతుల సహకార సంఘానికి దక్కాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చిన రష్యా విప్లవం, 1920లో అమెరికా మద్యనిషేధం పెద్ద మార్కెట్లను మూసేశాయి.

ఈ క్రమం చూస్తే రెండో మాటలో సగమే నిజం. బారన్ డబ్బు లేకుండా ఊరు నిలిచేదనడానికి ఆధారం లేదు. ఆ డబ్బే పరిశ్రమను లాభాల్లోకి తెచ్చిందనడానికీ ఆధారం లేదు. ఆ డబ్బు ప్రధానంగా కొన్నది కాలాన్ని. తప్పులు చేసి సరిదిద్దుకోవడానికి పాతికేళ్ల వ్యవధిని. ఈ లెక్కలో తరచూ జారిపోయే మరో పద్దు ఉంది. ఆ కాలపు వలస ఊళ్లలో పొలం పనిలో పెద్ద వాటా అరబ్బు కూలీలది. స్థాపకుల శ్రమ గురించి చెప్పే కథలో ఆ శ్రమకూ చోటుండాలి.

కోషర్ నియమం ఎవరి చేతిని అడుగుతుంది?

ద్రాక్ష స్వభావరీత్యా కోషరే. నియమం ప్రధానంగా మనిషి చేతి గురించి. ద్రాక్షను తొక్కి రసం తీయడం మొదలైన దగ్గర్నుంచి సీసాకు బిరడా పడేదాకా సబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి దినం, పాటించే యూదులే దాన్ని ముట్టాలి. అందుకే తోటలో కాయ కోసేవారు ఎవరైనా ఫరవాలేదు, గిడ్డంగిలో పీపా కదిపేవారు మాత్రం ఎవరైనా కాకూడదు. యజమాని యూదుడైనా సబ్బాతు పాటించనివాడైతే తన పీపా లోంచి తానే వైన్ తీసుకోలేడు. ఆచారవంతుడైన పనివాడు తీసి ఇవ్వాలి. కొందరు చిన్న ఉత్పత్తిదారులు కోషర్ ధ్రువీకరణే వద్దనుకోవడానికి ఇది ఒక కారణం.

తెలుగు ఇళ్లలో మడి కట్టుకున్నవారు తప్ప వంట ముట్టకూడదన్న పాత ఆచారం తెలిసినవారికి ఇది వెంటనే తడుతుంది. పోలిక కొంతదూరమే వస్తుంది. మడి స్నానంతో వచ్చి తాకుడుతో పోయే స్థితి. కోషర్ వైన్‌లో చూసేది తాకినవాడి మతాచరణను. యూదుల ధర్మగ్రంథమైన తాల్మూద్ ఈ నియమానికి రెండు కారణాలు చెబుతుంది. వైన్ విగ్రహారాధనలో నైవేద్యమై ఉండవచ్చన్న భయం ఒకటి, కలిసి తాగడం మతాంతర వివాహాలకు దారితీస్తుందన్న ఆందోళన రెండోది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. వేడి చేసిన వైన్‌ను, అంటే మెవుషల్‌ను, ఎవరు వడ్డించినా కోషరే. ఏ వేడి సరిపోతుందన్న విషయంలో మతపెద్దల్లో భేదాలున్నాయి. ఆచరణలో ఇది దాదాపు 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఇప్పుడు కాసేపే వేడిచేసి వెంటనే చల్లారుస్తారు.

తేటపరచడానికి వాడే పదార్థాలకూ నియమాలున్నాయి. జంతువుల జెలటిన్, స్టర్జన్ చేప తిత్తి నుంచి తీసిన పదార్థం సాధారణంగా కుదరవు. బెంటొనైట్ మట్టితో పని జరుపుకుంటారు. ఇజ్రాయెల్ నేల మీద పండిన ద్రాక్షకు మరికొన్ని షరతులున్నాయి. నాటిన మొదటి మూడేళ్ల కాపు వాడకూడదు. తీగల మధ్య వేరే పంట వేయకూడదు. పురాతన దశమభాగాల జ్ఞాపకంగా ఒక శాతానికి కాస్త మించిన వైన్‌ను పారబోస్తారు. ఏడేళ్లకొకసారి భూమికి విశ్రాంతి ఇవ్వాలి. ఇటీవలి విశ్రాంతి సంవత్సరం 2021-22.

ఈ ఏడో ఏటి నియమానికి ఇలాంటి ఊళ్ల చరిత్రతో నేరుగా ముడి ఉంది. కొత్త వలసలకు ఎదురైన తొలి పెద్ద పరీక్ష 1888-89లో వచ్చింది. బారన్ తోటలు అప్పుడే వేళ్లూనుతున్నాయి. ఏడాదిపాటు పని మానేస్తే అంతవరకూ చేసింది పోతుంది. కోవ్నో నగరపు ప్రసిద్ధ రబ్బీ యిత్జాక్ ఎల్కానాన్ స్పెక్టర్, భూమిని తాత్కాలికంగా యూదేతరులకు అమ్మినట్టు పత్రం రాసుకుని సాగు చేయవచ్చని షరతులతో అనుమతించారు. ఏక్రోన్ వంటి ఊళ్లలో కొందరు ఆ సడలింపును ఒప్పుకోలేదు. ఆ వివాదం నేటికీ పూర్తిగా చల్లారలేదు. అందుకే కొందరు ఆచారవంతులు ఏడో ఏటి వైన్ కొనేటప్పుడు సీసా మీది ధ్రువీకరణను ప్రత్యేకంగా చూస్తారు.

రుచి మాట

కోషర్ వైన్ అంటే తియ్యటి చిక్కటి పానీయమన్న పేరు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో దొరికే కాంకర్డ్ ద్రాక్ష పులుపును కప్పడానికి పంచదార కలిపి చేసిన వైన్ అక్కడి యూదు ఇళ్లలో స్థిరపడిపోయింది. ఆ రుచికి కారణం ద్రాక్ష రకం, పంచదార. మతనియమం ఎక్కడా తీపి కోరలేదు. ఇజ్రాయెల్‌లోనూ చాలాకాలం ఆరాధనకు వాడే తీపి వైన్‌కే గిరాకీ ఉండేది. 1983లో మొదలైన గోలన్ హైట్స్ వైనరీ ఎత్తైన చల్లటి తోటలతో, కొత్త పద్ధతులతో తీపి లేని (డ్రై) వైన్లు తెచ్చాక మిగతావారూ ఆ దారి పట్టారు. అవీ కోషర్‌వే. నియమాలు అవే ఉండగా నాణ్యత మారిందంటే, మార్పుకు కారణం నియమాల బయట ఉందని చెప్పవచ్చు. వేడి చేసే ప్రక్రియ సువాసనను కొంత మార్చవచ్చు గానీ అది కొన్ని సీసాలకే వర్తిస్తుంది. కోషర్ వర్గం మొత్తానికి ఆ నిందను అంటగట్టడానికి వీల్లేదు.

సందర్శకుడు గమనించదగినవి

జిఖ్రోన్‌లో కార్మెల్ పాత గిడ్డంగి, పక్కనే బిన్యామినాలో 1952లో మొదలైన బిన్యామినా వైనరీ, 1980ల్లో తిష్బీ కుటుంబం పెట్టిన వైనరీ ఈ ప్రాంతపు మూడు తరాల పనిని చూపిస్తాయి. బిన్యామినా ఊరికి ఆ పేరు బారన్ హీబ్రూ పేరు మీదుగా వచ్చింది. రమత్ హనదీవ్ తోటల్లో ఉన్న సమాధిలో బారన్‌నూ ఆయన భార్యనూ 1954లో ఉంచారు. వైన్‌తో సంబంధం లేకపోయినా ఆరోన్‌సన్ ఇంటి మ్యూజియం చూడదగ్గది. 1906లో అడవి గోధుమ జాతిని కనుగొన్న ఆరోన్ ఆరోన్‌సన్ కుటుంబం ఇక్కడిది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు రహస్య సమాచారం పంపిన ‘నిలి’ అనే బృందానికి ఆ ఇల్లు ఒక కేంద్రం.

ధ్రువీకరణ ఉన్న వైనరీలు సాధారణంగా శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రిదాకా మూసి ఉంటాయి. ఊళ్లోని చాలా కేఫ్‌లు మాత్రం అప్పుడే నిండుతాయి. యూదులు కాని తెలుగు పర్యాటకులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. తెరిచిన సీసా అందుకుని తమ గ్లాసులో తామే పోసుకోకూడదు. అది మెవుషల్ కాకపోతే, ఆ సీసాలో మిగిలిన వైన్ ఆచారవంతులకు పనికిరాదు. పోసి ఇచ్చేదాకా ఆగడమే మర్యాద.

సీసా మీద వైనరీ ఊరి పేరు ఉన్నంత మాత్రాన ద్రాక్ష ఆ ఊరిదని అనుకోకూడదు. పెద్ద వైనరీలు గలిలయ నుంచి యూదయ కొండల దాకా వేర్వేరు చోట్ల తోటల నుంచి ద్రాక్ష తెచ్చుకుంటాయి. జిఖ్రోన్ 1967కు ముందరి సరిహద్దుల లోపలే ఉంది. గోలన్, పశ్చిమ తీరం అంతర్జాతీయ చట్టం దృష్టిలో ఆక్రమిత ప్రాంతాలు. అక్కడి సరుకు మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలని 2019లో ఐరోపా న్యాయస్థానం ఒక వైనరీ కేసులో తీర్పు చెప్పింది. తోట ఎక్కడుందని అడగడం అక్కడ మామూలు ప్రశ్నే. ఊరి చుట్టూ పండినదే కావాలంటే కారిన్యాన్ ద్రాక్ష ఎక్కడిదో విచారించడం మంచి మొదలు. దక్షిణ ఫ్రాన్స్ నుంచి బారన్ కాలంలో వచ్చిన ఈ రకాన్ని దశాబ్దాలపాటు చౌక వైన్‌కే వాడారు. ఇప్పుడు కొందరు వైన్ తయారీదారులు ముదురు తీగల కాపుతో దానికి మళ్లీ విలువ తెస్తున్నారు.

తేలినది

మొదటి మాటలో ప్రాచీనత రుజువైంది, కొనసాగింపు రుజువు కాలేదు. రెండో మాటలో దాత పాత్ర రుజువైంది, విజయం మాత్రం దాత చేతులు తీసేసిన తర్వాత, సహకార సంఘపు రోజుల్లోనూ ఆ తర్వాతి తరాల్లోనూ విడతలుగా వచ్చింది. మూడో మాట బలహీనమైనది. కోషర్ ముద్ర తయారీలో ఎవరు పాల్గొన్నారో, ఏవి కలపలేదో చెబుతుంది, రుచికి హామీ ఇవ్వదు. ఇన్ని సవరణల తర్వాత కూడా జిఖ్రోన్ యాకోవ్‌కు వెళ్లడానికి గట్టి కారణం మిగులుతుంది. ఒక దేశపు ఆధునిక వైన్ ప్రయత్నంలోని పెట్టుబడి, పురుగు, మిగులు సరుకు, మతవివాదం, పునరుద్ధరణల జాడలు ఇంత దగ్గర దగ్గరగా కనిపించే చోట్లు అరుదు. ఆ జాడలను చూపించే మార్గదర్శి జమ్మారీన్ పేరును, తోటల్లో పనిచేసిన అరబ్బు కూలీలను కూడా ప్రస్తావిస్తే ఊరి కథ సాక్ష్యానికి మరింత దగ్గరవుతుంది.