మంచం ఇచ్చి అటకెక్కిన మనిషి

1839 చలికాలం నాటికి జీన్ జుగాన్‌కి 47 ఏళ్ళు. ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన సెయింట్ సెర్వాన్ అనే రేవు ఊళ్ళో, ఇళ్ళల్లో పనులు చేసుకుని బతికేది. తండ్రి చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆమెకు పెళ్ళి లేదు, ఆస్తి లేదు. అదే ఊళ్ళో ఆన్ షోవాన్ అనే ముసలావిడ ఉండేది. చూపు లేదు, పక్షవాతం, చూసే దిక్కు లేదు. జీన్ ఆవిడను ఎత్తుకొచ్చి, మెట్లెక్కించి, తన మంచం మీద పడుకోబెట్టింది. తను అటక మీద పక్క వేసుకుంది. ఈ రోజు సికింద్రాబాద్‌లో వృద్ధాశ్రమం నడుపుతున్న లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే కతోలిక కన్యాస్త్రీల సభ పుట్టుక ఇది. సంస్థల చరిత్రల్లో మొదటి పేజీలో కనిపించే తీర్మానం, మూలధనం, శంకుస్థాపన ఇక్కడ లేవు.

ఆమె చేరదీసిన ముసలివాళ్ళు పెరిగారు. తిండి ఎలా? వాళ్ళలో చాలామంది అంతకుముందు అడుక్కుని బతికినవాళ్ళే. వాళ్ళు ఏ గుమ్మాల ముందు చెయ్యి చాచేవారో ఆ గుమ్మాలకే జీన్ బుట్ట పట్టుకుని వెళ్ళింది. వాళ్ళ బదులు నేనొచ్చాను, వాళ్ళకిచ్చేది నాకివ్వండి అని అడిగింది. అన్నం పెట్టడం ఒక ఎత్తు, అడుక్కోవడంలోని సిగ్గును తన నెత్తిన వేసుకోవడం మరో ఎత్తు. ముసలితనం మీద దైవశాస్త్ర గ్రంథాలు ఎన్నో వచ్చాయి గానీ, క్రీస్తు మన బదులు నిలబడ్డాడన్న మాటను ఇంత తేటగా ఆచరించి చూపినవాళ్ళు అరుదని నా అభిప్రాయం. 1845లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు మంచి పనులకిచ్చే మోంటియాన్ బహుమతి ఇచ్చింది.

తర్వాతి కథ మర్యాదకు దాటవేసే రకం. సలహాదారుగా వచ్చిన లె పయ్యర్ అనే గురువు, స్థాపకుడు తానేనని చాటుకున్నాడు. 1852లో జీన్‌ను దాతల దగ్గరికి వెళ్ళనివ్వకుండా ప్రధాన మఠంలో కూర్చోబెట్టాడు. 27 ఏళ్ళు ఆమె అక్కడే, పేరూ పదవీ లేకుండా ఉండిపోయింది. పక్కన కూర్చుని జపమాల చెప్పుకునే పడుచు సిస్టర్లకు ఈవిడే తమ సభకు తల్లి అని తెలియదు. మంచం ఇచ్చి అటకెక్కిన మనిషిని చివరికి సభే అటకెక్కించింది. 1879 ఆగస్టు 29న, 86వ ఏట ఆమె కన్నుమూసేనాటికి సభలో సుమారు 2,400 మంది సిస్టర్లున్నారు. 1890లో రోము ఆ గురువును తొలగించాకే నిజం బయటపడటం మొదలైంది. 2009 అక్టోబరు 11న పోపు 16వ బెనెడిక్టు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ఆ మరుగున ఉన్న ఏళ్ళలోనే ఒక్కసారి ఆమె మాట అక్కరకొచ్చింది. 1865లో సభకు ఏటేటా స్థిరంగా ఆదాయం వచ్చే ఏర్పాటు ఎదురైంది. తీసుకోవాలా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడి, జీన్‌ను పిలిచి అడిగారు. వద్దంది. ఏ పూటకాపూట దేవుడి మీద ఆధారపడదామంది. సభ ఆ మాటే నిలబెట్టుకుంది. నేటికీ వాళ్ళ ఆశ్రమాల్లో ఏదైనా సరుకు నిండుకుంటే దాని మచ్చు ఒకటి, బంగాళదుంపో గుప్పెడు బియ్యమో, పునీత జోజప్పగారి స్వరూపం ముందు పెడతారు. లెక్కల పుస్తకం చూసే మనవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు.

సభ 1882లో కలకత్తా చేరింది, ఆపైన బెంగళూరు, సికింద్రాబాద్. పేదరికం, విధేయత, బ్రహ్మచర్యం కాక వీళ్ళకు నాలుగో మాటపట్టు ఒకటుంది. అది ఆతిథ్యం. దిక్కులేని ముసలివాళ్ళను మతం చూడకుండా చేర్చుకుంటారు, కన్నుమూసేదాకా దగ్గరుండి చూస్తారు. ఆశ్రమంలో చేర్చామంటే పరువు పోతుందని భయపడే మన ఇళ్ళకు, చేర్చుకునేవాళ్ళ వైపు నుంచి ఈ మాటపట్టు ఎంత బరువో తెలియదు.

ముసలివాళ్ళకు తోడుండటం ఆశ్రమాల పనే కాదు, మన విచారణలదీ, అంటే పారిష్‌లదీ. అక్కడ మనవాళ్ళకు రోగికి నూనె పూసే అభ్యంగన సంస్కారమంటే ఇంకా హడలే. ఫాదర్ నూనెతో గుమ్మంలోకి వస్తే రోగి బతకడని లెక్క. అందుకే ఆఖరి ఊపిరిదాకా కబురు పెట్టరు, పెట్టాక ఆయన వచ్చేసరికి రోగికి తెలివి ఉండదు. కానీ 1972లో ఆరవ పౌలు పోపుగారు సవరించిన క్రమం ప్రకారం, పెద్ద జబ్బేమీ లేకపోయినా వయసు మీద పడి బాగా నీరసించినవారికి ఈ సంస్కారం ఇవ్వొచ్చు. యాకోబు లేఖ 5వ అధ్యాయం చెప్పేదీ రోగికి ఊరట గురించే గానీ చావు చీటీ గురించి కాదు. ఫిబ్రవరి 11, లూర్దు మాత పండుగనాడు, రోగుల దినంగా ఎన్నో గుడుల్లో పూజ మధ్యలో అందరి ముందూ అభ్యంగనం ఇస్తున్నారు. ఆ రోజు ముందు బెంచీల్లో చోటు పట్టేది మామ్మలే. వెనక నిలబడి జంకేది వాళ్ళ కొడుకులు.